తెల్లదారం పొట్లాలు

మా బావ రిటైరైన రోజున జరిగిన సభలో నలుగురు మాట్లాడారు. కొండకి ప్రాణం పోసిన మహానుభావుడని ఒకరన్నారు. పొగతో పచ్చదనం పుట్టించిన మాంత్రికుడని ఇంకొకరన్నారు. బావ వేదిక మీద కూర్చుని, ఇదంతా చాలా తగ్గించి చెబుతున్నారన్నట్టు ముఖం పెట్టాడు. నేను చివరి వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. నేను ఆయనకి మరదల్ని. పైగా ఆయన పొగ పట్టించిన విత్తనాలన్నీ ముందు నా జల్లెడలోంచి దిగి వెళ్ళినవే. అసలు సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళం నేనూ, మా అక్కా. అక్క నోరు విప్పదు. కాబట్టి చెప్పాల్సిన ఖర్మ నాకే పట్టింది.

బావ బతుకంతా పొగతోనే గడిచింది. కుర్రతనంలో వీధుల్లో దోమల పొగ కొట్టే బండి మీద పనిచేశాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, భుజాన గొట్టం పెట్టుకుని బయల్దేరితే వెనకాల పిల్లలు కేకలేస్తూ పరిగెత్తేవాళ్ళట. దోమలు చచ్చాయో లేదో దోమలకే తెలియాలి. అక్కని చూసుకోవడానికి వచ్చినప్పుడు మా నాన్నతో, "నేను వీధిలోకి వస్తున్నానంటే జనం తలుపులు వేసేసుకుంటారండీ" అన్నాడు. అదేదో పెద్ద హోదా అనుకుని మా నాన్న మురిసిపోయాడు. అక్క మాత్రం తలొంచుకుని నవ్వు ఆపుకుంది. నవ్వించేవాడైతే చాలనుకుందట పాపం. నవ్విస్తూనే ఉన్నాడు, కాదనను. ఎవరిని చూసి నవ్వుతున్నామో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

తర్వాత దోమల బండి మూలపడింది. ఆ రోజుల్లోనే మా ఇళ్ళ వెనక ఉన్న కొండని రాయి కోసం తవ్వి తవ్వి వదిలేసిన కంపెనీకి పైనుంచి గట్టి హుకుం వచ్చింది. తవ్విన చోటల్లా మట్టి పరిచి, ఇంతకుముందు అక్కడ ఏ మొక్కలుండేవో ఆ మొక్కలే మళ్ళీ పెంచాలని. దాంతో కొండ కింద నర్సరీ వెలిసింది. విత్తనాలు శుభ్రం చేసే గదిలో నాకు పని దొరికింది. పొగ పట్టించే షెడ్డుకి మనిషి కావాలంటే, "మా ఇంట్లోనే ఉన్నాడు" అని నేనే చెప్పాను.

విత్తనానికి పొగేమిటని మొదట్లో మేమూ నోళ్ళు వెళ్ళబెట్టాం. తర్వాత తెలిసింది. ఆ కొండ మొక్కల విత్తనాలు మహా మొండివి. నీళ్ళు పోసినా లేవవు, ఎరువు వేసినా లేవవు. మట్టిలో ముసుగుతన్ని పడుకుంటాయి. ఏ ఎండాకాలమో కార్చిచ్చు వచ్చి పైనున్న పొదలన్నీ కాలిపోతే, ఆ పొగలోని సారం వానతో పాటు మట్టిలోకి ఇంకి విత్తనానికి తగులుతుంది. పైన చోటు ఖాళీ అయింది, ఎండ బాగా పడుతోంది, లేవడానికి ఇదే అదను అని దానికి కబురు అందినట్టే. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళున్నారు, ఇల్లంటుకుంటే తప్ప మంచం దిగరు. ఇప్పుడు కొండకి నిప్పు పెట్టలేం కదా, అందుకని పొగ ఒక్కదాన్నే విడిగా తయారుచేసి విత్తనాలకి పట్టిస్తారు. మంట తగలకూడదు, వేడి తగలకూడదు. పొగ మరీ తక్కువైతే విత్తనం లేవదు, మరీ ఎక్కువైతే ఇంకెప్పటికీ లేవదు.

ఈ పనికి మా బావ అచ్చంగా సరిపోయాడు. ఇనుప డ్రమ్ములో ఎండుటాకులూ పచ్చి రెమ్మలూ కలిపి రాజేస్తాడు. చిన్న ఫ్యాను ఆ పొగని పొడవాటి గొట్టంలోకి తోస్తుంది. గొట్టం నీళ్ళతొట్టిలోంచి వెళ్ళేసరికి పొగ చల్లబడి, టార్పాలిన్ కట్టిన గదిలోకి చేరుతుంది. లోపల అరల నిండా పళ్ళేలు, పళ్ళేల్లో పలచగా పరిచిన విత్తనాలు. ఇంతే పని. కానీ బావ చేస్తుంటే చూడాలి. గొట్టం చివర ముక్కు పెట్టి, ఒక కన్ను మూసి, "ఇంకా పండలేదు" అంటాడు. పండటానికి అదేమైనా కాయా? మరో రెండు రెమ్మలు వేసి మళ్ళీ వాసన చూసి, "ఆఁ, ఇప్పుడు మాట వింటుంది" అంటాడు. అప్పటిదాకా మేమందరం చేతులు కట్టుకుని నిలబడాలి.

షెడ్డులోకి ఇంకొకరిని అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. అప్పుడే ఆయనకి పొగరాయుడని పేరొచ్చింది. నర్సరీ వాళ్ళు వెనకాల వెటకారంగా పెట్టిన పేరది. బావ విని బిరుదనుకున్నాడు. ఎవరైనా పేరడిగితే కన్నవాళ్ళు పెట్టింది వదిలేసి ఇదే చెప్పేవాడు.

"అప్పుడు దోమల్ని చంపాను, ఇప్పుడు మొక్కల్ని పుట్టిస్తున్నాను" అనేవాడు భోజనం దగ్గర. "రెండూ ఒక్క చేత్తోనే."

"ఆ చేత్తోనే కాస్త కంచం కూడా తీసి పెట్టు" అనేది అక్క.

విత్తనాలన్నీ అక్క, ఆవిడ జట్టు ఆడవాళ్ళూ ఏరి తెచ్చేవే. కొండకి ఒక పక్క తవ్వకుండా మిగిలిన అంచు ఉంది. ఎండలో ఆ అంచు పట్టుకుని తిరిగి, కాయ పగలకముందే కోసి, ఆరబెట్టి, మూటలు కట్టి జట్టు గదిలో దాచేవాళ్ళు. ఆ అంచుని కూడా వచ్చే ఏడు రోడ్డు కోసం తవ్వేస్తారని తేలిపోయింది. అంటే ఈసారి ఏరిన గింజలే ఆఖరు. అవి కొండ మీద మొలిస్తే మొలిచినట్టు, లేదంటే ఆ మొక్కల వంశం అక్కడితో సరి. దీనికి తోడు కొండ కింద మొదటి ఇల్లు అక్కది. ప్రతి వానకీ పైనుంచి ఎర్రమట్టి జారి గడప దాకా వస్తుంది. పైన వేళ్ళు పట్టుకుంటే తప్ప ఆ మట్టి ఆగదు. అందుకే అక్క ఆ గింజల్ని బంగారంలా చూసుకునేది. బంగారం లేదు కాబట్టి గింజల్నే చూసుకునేదని బావ జోకు వేసేవాడు. ఆ జోకుకి ఆయన ఒక్కడే నవ్వుకునేవాడు.

ఇలా ఉండగా నర్సరీకి కొత్త మేనేజరు వచ్చాడు. ఏది చూసినా, "ఇది అవసరమా?" అని అడగడం ఆయన అలవాటు. నీడకి కట్టిన పందిరి చూసి అవసరమా అన్నాడు. నా జల్లెళ్ళు చూసి ఇన్ని అవసరమా అన్నాడు. మా అందరికీ ఆయన్ని చూస్తే అదే ప్రశ్న వచ్చేది, పైకి అనలేకపోయాం. చివరికి పొగ షెడ్డు ముందు నిలబడి, దగ్గుతూ, "ఇది అవసరమా?" అన్నాడు.

దానికి జవాబు చెప్పాల్సింది డాక్టరమ్మ. మొక్కల మీద చదువుకుని డాక్టరైనావిడ. ఆ మాట ఎంత చెప్పినా వినకుండా, ఆవిడ వచ్చిన రోజే బావ ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించాడు. ఆవిడ ఓపిగ్గా చూసి, "ఇది ఆకు కాదండీ" అంది. అవసరమో కాదో పరీక్ష పెట్టి తేలుద్దామని ఆవిడ మేనేజరుతో చెప్పింది. అక్క మూటల్లోంచి కొన్ని గింజలు తీసి పొట్లాలు కట్టించింది. ఎర్రదారం కట్టిన పొట్లాలకి మామూలుగా పొగ పట్టించాలి. తెల్లదారం పొట్లాలకి పొగ అసలు తగలకూడదు. రెండు రకాలూ పక్కపక్క ట్రేల్లో చల్లి, ఒకే మట్టి, ఒకే నీళ్ళు ఇచ్చి, ఏవి ఎంత మొలుస్తాయో చూడాలి.

"తెల్లదారం వాటిని ముట్టుకోకుండా వదిలెయ్యడమే మీ పని" అని బావకి మరీ మరీ చెప్పింది ఆవిడ. "అవి మొలవకపోతేనే మీ పొగ గొప్పతనం తెలుస్తుంది."

బావ తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎదుటివాళ్ళు ఎంత ముఖ్యమైన మాట చెబితే అంత బాగా ఊపుతాడు. చెవిలోకి వెళ్ళిందంతా ఆ ఊపుకి బయటికి వచ్చేస్తుంది కాబోలు.

పొట్లాలు శనివారం నర్సరీలో నేను పనిచేసే గది బీరువాలో పెట్టాం. ఎర్రవాటికి పొగ అయిపోయింది. సోమవారం చల్లాలి. మధ్యలో ఆదివారం ఉంది. ఆదివారం పొద్దున్నే బావ క్షవరానికి వెళ్ళొస్తానని ఇంట్లోంచి బయల్దేరాడు.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత ఆయన నోటితోనే విన్నాను. దారిలో ఆయనకి తెల్లదారం పొట్లాలు గుర్తొచ్చాయట. పాపం, ఒకే తల్లి పిల్లల్లో సగంమందికి అన్నం పెట్టి సగంమందిని పస్తు పెట్టినట్టు అనిపించిందట. జాలి సంగతి అలా ఉంచితే, ఆ ట్రేలని చూడటానికి పెద్దవాళ్ళు వస్తారని విన్నాడు. సగం ట్రేలు బోడిగా ఉంటే, పొగరాయుడి చేతి విత్తనాలు మొలవలేదని నలుగురూ అనుకోరా? నేరుగా నర్సరీకి వెళ్ళి, కాపలా మనిషికి కబుర్లు చెప్పి లోపలికి దూరి, డ్రమ్ము రాజేసి, తెల్లదారం పొట్లాలన్నీ విప్పి పొగ పట్టించాడు. మళ్ళీ అలాగే పొట్లాలు కట్టి బీరువాలో పెట్టేశాడు. ఎవరికీ వాసన కూడా రాలేదు. ఆ ఆవరణలో మా జుట్టు దగ్గర్నుంచి మేనేజరు టీ దాకా అన్నీ పొగ వాసనే కదా.

ఇంటికి వచ్చాక అక్క చూసి, "జుట్టు అలాగే ఉందేం?" అంది.

"రద్దీగా ఉంది, రేపు రమ్మన్నాడు" అన్నాడు బావ.

అక్క చొక్కా అందుకుని బకెట్లో వేసింది.

ట్రేలు పచ్చబడ్డాయి. ఎర్రదారం ట్రే ఎంత ఒత్తుగా ఉందో తెల్లదారం ట్రే అంత ఒత్తుగా ఉంది. బావ పొద్దున్నా సాయంత్రం వాటి చుట్టూ తిరుగుతూ, ఒక్కటి కూడా బోడిగా లేదని పొంగిపోయాడు. డాక్టరమ్మ మాత్రం ట్రేల ముందు కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నేనూ వెళ్ళి చూశాను. నాకేమీ అర్థం కాలేదు. గొప్పగా చెప్పుకోను.

ఫలితం చెప్పడానికి మేనేజరు తన గదిలోకి అందర్నీ పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూశారుగా. పొగ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. ఇన్నాళ్ళూ ఊరికే పొగ మింగాం. షెడ్డు మూసేద్దాం. ఈసారి కొండ మీద గింజలు ఉన్నవి ఉన్నట్టే చల్లెయ్యండి."

బావ అప్పటిదాకా పెళ్ళికొడుకులా నవ్వుతూ నిలబడ్డాడు. ఆ మాట లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. దిగాక ముఖంలో నెత్తురు లేదు. తన పొగ గొప్పదనం చూపించబోయి, తన పొగ దండగని తనే రుజువు చేసి పెట్టాడు.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "నిజం చెప్పండి. తెల్లదారం పొట్లాలకి పొగ తగిలిందా?"

గదిలో అందరం బావనే చూస్తున్నాం. ఒక్కమాట. తగిలింది అంటే చాలు, షెడ్డు నిలబడుతుంది, కొండ మీద గింజలు మొలుస్తాయి. కానీ పొరపాటు చేశాను అన్న మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక అనలేదు. నాలుకకి అలవాటు లేదు. గొంతు సవరించుకున్నాడు.

"డ్రమ్ము పొగ తగల్లేదమ్మా. కానీ నేను రోజూ ఆ బీరువా పక్కనుంచి తిరుగుతాను కదా. ఇన్నేళ్ళ పొగ నా ఒంట్లో ఉంది. నా గాలి సోకితే చాలు, లేచి కూర్చుంటాయి."

గది గదంతా ఘొల్లుమంది. మేనేజరైతే కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకేం మరి! డ్రమ్ము తీసెయ్యండి, ఈయన్ని మూటల పక్కన తిప్పండి" అని, ఆ నవ్వులోనే బావని విత్తనాలు కలిపే పనికి సూపర్‌వైజరుని చేసేశాడు. డాక్టరమ్మ నవ్వలేదు. పెదవులు బిగించి బయటికి వెళ్ళిపోయింది. నేను నవ్వాను. బావ మాట అంత తమాషాగా ఉంది మరి.

ఆ సాయంత్రం బావ ఇంటికి వచ్చి, "ప్రమోషన్" అన్నాడు.

అక్క వంటింట్లో ఉంది. జరిగిందంతా నేనే నవ్వుతూ చెప్పాను. పొగ పెట్టినా పెట్టకపోయినా ఒకటేనట, షెడ్డు మూసేస్తారట, గింజలు ఉన్నవున్నట్టే చల్లుతారట, బావ గాలి సోకితే మొలుస్తాయట. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"పొట్లాలు బీరువాలో ఎప్పుడు పెట్టారు?" అంది నాతో.

"శనివారం."

అక్క బావ వైపు తిరిగింది. "ఆదివారం క్షవరం చేయించుకోకుండా వచ్చిన చొక్కాకి డ్రమ్ము పొగ వాసన ఎందుకు కొట్టింది?"

"అంతకుముందు రోజుది అయ్యుంటుంది."

"అంతకుముందు రోజుది నేనే ఉతికి ఆరేశాను. ఆదివారం పొద్దున పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీసిచ్చాను."

బావ తలుపు వైపు చూశాడు. అక్క వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది. అప్పుడు బయటపడింది ఆదివారం కథంతా. నేను నవ్వడం మానేశాను.

"రేపు వెళ్ళి చెప్పు" అంది అక్క.

"చెబితే ఉద్యోగం పోతుందే. పరువు పోతుంది."

"పరువా? ఎక్కడ పెట్టావు, ఒకసారి తీసి చూపించు, నేనెప్పుడూ చూడలేదు." అక్క కొండ వైపు చెయ్యి చూపించింది. "అవి ఆఖరి గింజలు. పొగ లేకుండా చల్లితే చీమల పాలవుతాయి. ఎండలో మాడి ఏరాం మేము. నీకు నీ గొప్ప ముఖ్యం, పైనుంచి మట్టి వచ్చి పిల్లలు పడుకున్న గదిలో పడ్డా నీకు ఫర్వాలేదు."

"అంత మాటెందుకే..."

"ఇంక మాటల్లేవు" అంది అక్క. అన్నట్టే మాటలు మానేసింది.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి నాతో కబుర్లు పంపుకునేవాళ్ళు. "అన్నం వడ్డించానని చెప్పు" అని అక్క, "ఆకలి లేదని చెప్పు" అని బావ. మా ఇల్లు పక్కనే కావడం నా గ్రహచారం. ఒకరోజు బావ మా వాకిట్లోకి వచ్చి చతికిలబడ్డాడు.

"మరదలా, మీ అక్కకి నువ్వైనా చెప్పు."

"ఏం చెప్పను బావా? నీ గాలి సోకితే అక్క కోపం కూడా పోతుందని చెప్పనా?"

ఆయన లేచి దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మేనేజరు గదికి వెళ్ళాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను, గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సార్, ఆ తెల్లదారం పొట్లాలకి నేనే పొగ పట్టించాను. ఆదివారం వచ్చి, ఎవరికీ చెప్పకుండా. పొరపాటైపోయింది." ఆ చివరి మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడి బయటికి వచ్చింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏమయ్యా, షెడ్డు మూసేస్తున్నారని కొత్త కథ కట్టావా?"

"కథ కాదు సార్, ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెలియవూ? దోమలు నిన్ను చూసి ఊరొదిలి పారిపోయాయని ఒట్టేసి చెప్పావు. పొగ వాసన చూసి రేపు వాన వస్తుందో రాదో చెబుతానని ఒట్టేశావు. మొన్న నీ ఒంట్లో పొగ ఉందన్నావు, ఇవాళ డ్రమ్ము పొగే అంటున్నావు. ఇందులో ఏది నమ్మాలి? వెళ్ళు, వెళ్ళి మూటలు కలుపు."

అబద్ధం చెప్పినప్పుడు సూపర్‌వైజరుని చేశారు, నిజం చెబితే గుమ్మం చూపించారు. మేనేజరుకి ఏది నిజమో అక్కర్లేదు. ఏది చవకో అది చాలు. ఇద్దరిలో ఎవరు పెద్ద కోతలరాయుడో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అక్కణ్ణుంచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నమ్మింది. నమ్మి, లేచి నిలబడి, చెడామడా తిట్టింది. అంత మెత్తటి మనిషికి అన్ని తిట్లు వచ్చని నాకు తెలియదు.

"నేను కాకిలా తిరిగి ఒప్పించుకున్న పరీక్ష అది! మీరేమనుకున్నారు, మొలవకపోతే ఆ ట్రే పనికిరాదనుకున్నారా? ఆ రెండో ట్రే బోడిగా ఉంటేనే మొదటి ట్రేకి విలువ!"

బావ ఈసారి తల ఊపలేదు. నేల చూస్తూ విన్నాడు. మళ్ళీ మొదటి నుంచి పరీక్ష పెట్టడమొక్కటే దారి అంది ఆవిడ. మేనేజరు ఒప్పుకోలేదు. వానలు దగ్గరపడ్డాయి, కొండ మీద విత్తనం చల్లినట్టు పైవాళ్ళకి చూపించాలి, టైము లేదన్నాడు. మూటలు తెమ్మని జట్టు గదికి ట్రాలీ పంపించాడు.

ట్రాలీ ఖాళీగా తిరిగొచ్చింది. అక్క, జట్టు ఆడవాళ్ళూ గది గుమ్మంలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. పరీక్ష మళ్ళీ జరిగేదాకా ఒక్క గింజ కూడా గడప దాటదని అక్క తెగేసి చెప్పింది. మేనేజరు స్వయంగా వచ్చాడు. బెదిరించాడు, బతిమాలాడు, చివరికి అలవాటు కొద్దీ, "ఇదంతా అవసరమా?" అన్నాడు.

"అవసరమే" అంది అక్క. ఆ ప్రశ్నకి అంత సూటిగా జవాబు చెప్పినవాళ్ళు అప్పటిదాకా లేరు. గింజలు లేకుండా కొండ మీద ఏం చల్లుతాడు? దిగొచ్చాడు.

మళ్ళీ ఎర్రదారం, తెల్లదారం. ఈసారి తెల్లదారం పొట్లాలు డాక్టరమ్మ తన ఇంట్లో దాచుకుంది. చల్లాక ట్రేలని నర్సరీకి ఆ చివర, గాలి అటు వీచని చోట పెట్టించింది. కాపలాకి ఎవర్ని పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆవిడ బావ వైపు వేలు చూపించింది. నేను నోరు తెరిచేశాను. దొంగ చేతికి తాళాలివ్వడమేమిటని అడిగితే, "ఈయన కాపలా కాసి, అయినా బోడిగా ఉంటేనే అందరూ నమ్ముతారు" అంది.

ఆ రోజుల్లో బావని చూడాల్సింది. రోజూ స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని వచ్చేవాడు. పొగ షెడ్డు వైపు తిరిగి కూడా చూడలేదు. ట్రేలకి దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరు దగ్గరికి వచ్చినా ముందు వాసన చూసేవాడు. నన్ను సైతం రానివ్వలేదు. ఒకసారి మేనేజరు సిగరెట్టుతో అటువైపు వెళ్ళబోతే స్టూలు మీంచి లేచి ఎదురు పరిగెత్తాడు.

"సార్, సిగరెట్టు! సిగరెట్టు! ఆ పొగ సోకిందంటే నా ఖాళీ ట్రే ఏమైపోతుంది?"

"నువ్వేనా నాకు చెప్పేది?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్. నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

మేనేజరు ఏం చెయ్యాలో తెలియక సిగరెట్టు కింద పడేసి తొక్కాడు. బావ ఆ ముక్కని కూడా కాగితంలో చుట్టి దూరంగా పారేసి వచ్చాడు.

ఎర్రదారం ట్రేలో మొలకలు కనిపించాయి. తెల్లదారం ట్రే నల్లగా, ఖాళీగా ఉంది. బావ దాని ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. నీళ్ళు పోస్తాడు, ఏమీ రాదు. మళ్ళీ పోస్తాడు. ఆ చేతులు ఊరికే ఉండలేక ఒకదాన్నొకటి నలుపుకునేవి. "లోపల బతికే ఉన్నాయి మరదలా" అన్నాడొకసారి దూరం నుంచే. "కాస్త పొగ చాలు. గుక్కెడు పొగ చాలు. నా వల్ల కావట్లేదు." ఆ ఒక్కసారి నాకు ఆయన మీద నిజంగా జాలేసింది. ఎక్కువసేపు కాదు.

ఈలోగా జల్లులు మొదలయ్యాయి, వాటి వెనకే పెద్ద వాన పడింది. అనుకున్నదాని కంటే ముందే పడింది. మొదటి పరీక్ష సరిగ్గా జరిగుంటే ఈపాటికి కొండ మీద గింజలు చల్లేసేవాళ్ళం, అవి ఆ జల్లులకే మొలిచి మట్టిని పట్టుకునేవి. కొండ ఇంకా బోడిగానే ఉంది. ఎర్రమట్టి పాయలు పాయలుగా దిగి, అక్క గడప దాటి, వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మునిగింది. అక్క ఆరబెట్టుకున్న బట్టలు, పిల్లల పుస్తకాలు, అన్నీ బురదే. నేను వెళ్ళేసరికి అక్క చీపురు పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. అక్క మీద జాలితో సగం, బావ మీద మంటతో సగం. ఒక్క ఆదివారం ఆ మనిషి నిజంగా క్షవరం చేయించుకుని ఉంటే ఈ బురద ఈ ఇంట్లో ఉండేది కాదు.

బావ అప్పుడు నర్సరీలో ఉన్నాడు. ఆ పొద్దుటే డాక్టరమ్మ ట్రేల లెక్క ముగించింది. ఎర్రదారం ట్రే పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. తెల్లదారం ట్రేలో ఒక్కటంటే ఒక్క మొలక లేదు. మేనేజరు చూశాడు. ఇక మాట్లాడటానికి ఏమీ లేక, పొగ అవసరమని తనకి మొదటినుంచీ అనుమానంగానే ఉందన్నాడు. షెడ్డు తెరవమని చెప్పాడు. పొగ పట్టించి కింది సగం కొండకి ఇప్పుడే చల్లుతారు, పై సగానికి ఈ ఏడు అదను దాటిపోయింది, ఆ మూటలు వచ్చే వానల దాకా దాచుకోవాలి.

బావ ఆ ఖాళీ ట్రేని రెండు చేతులతో ఎత్తుకుని నర్సరీలోంచి బయటపడ్డాడు. దారి పొడవునా కనిపించినవాళ్ళందరికీ చూపించాడట. "చూడండి, ఒక్కటి మొలవలేదు! ఒక్కటీ!" టీ కొట్టు దగ్గర ఆగి చూపించాడు. మొలకలు నిండిన ట్రేలు చూపించి గొప్పలు పోయిన రోజుల్లో కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదని చూసినవాళ్ళు చెప్పారు. ఉత్త మట్టిని పట్టుకుని ఊరేగుతున్నాడు, పొగరాయుడికి మతి పోయిందని నవ్వుకున్నారు.

మోకాలి లోతు బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఎలా ఉందో చూశాడు. నోట్లో ఉన్న కేక నోట్లోనే ఆగిపోయింది. ట్రేని అక్క ముందుకి చాపాడు.

అక్క చీపురు ఆపి ట్రేలోకి తొంగిచూసింది. వేలితో మట్టిని కాస్త కదిపి చూసింది.

"ఏమీ చెయ్యలేదా దీనికి?" అంది. ఇన్ని రోజుల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట.

"ఏమీ చెయ్యలేదు" అన్నాడు బావ. "చాలా అనిపించింది. అయినా చెయ్యలేదు."

"పెళ్ళైన ఇన్నేళ్ళకి చెయ్యొద్దన్న పని ఒక్కటి చెయ్యకుండా ఉన్నావు" అంది అక్క. "దాన్ని ఆ గట్టు మీద పెట్టి పార అందుకో. పొయ్యి కింద చాలా ఉంది."